ఎన్నాళ్ళో రాయని కాగితం

పెరుగన్నం నోట్లో పెట్టుకున్న పోతయ్య మొహం చిట్లించాడు.

"ఏంటమ్మాయ్, ఈ మధ్య ఉప్పు మీద పడ్డావ్? మొన్న చారు, నిన్న చేపల పులుసు. ఇవాళ పెరుగులో కూడానా?"

సుభాషిణి ఉలిక్కిపడింది. "చూసుకోలేదు బావగారూ. ఇటివ్వండి, వేరే కలుపుతాను."

"వద్దులే. సముద్రం మీద బతికేవాణ్ణి, నాకు ఉప్పో లెక్కా?" అని నవ్వేశాడాయన.

వాకిట్లో చేపలు తోముతున్న ఆయన భార్య రత్నకుమారి అక్కడి నుంచే అందుకుంది. "దాని ధ్యాస ఇక్కడుంటే కదా! గుడివాడ నుంచి ప్రకాష్ ఫోన్ చేసినా మూడు ముక్కలు మాట్లాడి పెట్టేస్తోంది. మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటే ఉప్పు మన కంచంలో పడాలా?"

సుభాషిణి కూడా నవ్వింది. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని అడుగుతారు. పది రోజులుగా ఆ ఇంట్లో ఆమె నవ్వులన్నీ అలాంటివే. ట్రాక్టర్ల షెడ్డులో పనిచేసే భర్త, పోతయ్య తమ్ముడు ప్రకాష్, ఆదివారం ఆదివారం వస్తాడు. మొన్న వచ్చినప్పుడు కూడా తలనొప్పని చెప్పి గోడవైపు తిరిగి పడుకుంది.

బందరు హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో ఆమె గుమాస్తా. ఏ బోటు ఏ రోజు ఎన్ని ఐసు దిమ్మలు ఎక్కించుకుందో పుస్తకంలో రాయడం ఆమె పని. ఐసు లేకుండా ఏ బోటూ వేటకు వెళ్ళదు కాబట్టి, ఆ పుస్తకం చూస్తే ఎవరు సముద్రం మీదున్నారో ఎవరు ఒడ్డునున్నారో ఇట్టే తెలిసిపోతుంది. ఆ సంగతి పోలీసులకు కూడా తెలుసని ఆమెకు పది రోజుల కిందటి దాకా తెలియదు.

ఆ రోజు ఎస్సై గారు మామూలు బట్టల్లో వచ్చారు. యజమాని వెంకటరమణ గారు ఊళ్ళో లేరు. ఒక నోటీసు చేతిలో పెట్టి, పోయిన నెల పుస్తకం కావాలన్నారు. జెరాక్సులు తీసి, ప్రతి కాగితం మీదా ఆమె చేత సంతకం పెట్టించారు. ఆ తర్వాత పన్నెండో తారీఖు మీద వేలు పెట్టి అడిగారు.

"ఈ పోతయ్య ఎవరు?"

"మా బావగారండీ."

ఆయన ఆమె వంక ఒక్క క్షణం చూశారు. నోటీసులో చివరి వాక్యం చదవమన్నారు. ఈ నోటీసు సంగతి గానీ, ఇచ్చిన వివరాలు గానీ ఎవరికీ వెల్లడించరాదు, వెల్లడిస్తే చర్య తీసుకోబడును.

"ఇంట్లోవాళ్ళకి కూడానా సార్?"

"నీ విషయంలో ముందు ఇంట్లోవాళ్ళకే చెప్పకూడదమ్మా."

"ఎన్నాళ్ళండీ?"

"మేం చెప్పేదాకా."

ఆయన వెళ్ళిపోయాక సుభాషిణి ఆ తారీఖు పేజీ తీసి చూసుకుంది. అందులో ఉన్నది ఒక్క వరసే: పోతయ్య బోటు, ఇరవై దిమ్మలు. రాసింది తనే. రాసింది అబద్ధమని తెలిసిందీ తనకే.

ఆ రోజు పోతయ్య బోటు ఇంజను విప్పేసి ఒడ్డునే ఉంది. వేటకు వెళ్ళింది కాంతారావు బోటు. కాంతారావు పోతయ్యకు చుట్టం కాదు, చుట్టం కన్నా ఎక్కువ. ఇద్దరూ ఒకే వల లాగుతూ పెరిగినవాళ్ళు. అంతకు వారం కిందటే కాంతారావు తండ్రి పోయాడు. వాళ్ళ పేటలో ఒక పట్టింపు ఉంది. చావు జరిగిన ఇంటి బోటు పేరు, పెద్దకర్మ అయ్యేదాకా ఎవరూ పలకరు, ఎక్కడా రాయరు. సముద్రానికి మైల తగులుతుందంటారు. మరి ఆ బోటు మీద పనిచేసే వాళ్ళ పొయ్యిలో పిల్లి లేవాలి కదా! అందుకని దగ్గరివాడెవడో తన పేరు ఇస్తాడు. ఇంటివాడు మైల పట్టి ఇంట్లో కూర్చుంటాడు, బోటు నడిపే సరంగు దాన్ని తీసుకుని ఆ అరువు పేరు మీద వెళ్ళొస్తాడు. తాతల నాటి నుంచీ అంతే, ఎవరికీ తప్పనిపించలేదు.

మర్నాడు పొద్దున మంచులో, దివిసీమ వైపు, ఒక మరబోటు చిన్న పడవను గుద్దేసి ఆగకుండా వెళ్ళిపోయింది. కోడూరు దగ్గరి ముసలాయన, ఒంటరిగా పీతల వలలు వేసుకునేవాడు, రెండు రోజుల తర్వాత శవమై ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. ఆ వార్త పేపర్లో వచ్చినప్పుడు సుభాషిణి అందరిలాగే అయ్యో అనుకుంది. పోలీసులు వచ్చి వెళ్ళాక ఆ పాత పేపరు వెతికి మళ్ళీ చదివింది. ఈసారి అయ్యో అనలేకపోయింది.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. బావగారికి చెబితే ఆయన కాంతారావుకు చెబుతాడు, కేసు తన మెడకు చుట్టుకుంటుంది. చెప్పకపోతే ఏ పాపం ఎరగని మనిషి చేయని నేరానికి బోనెక్కుతాడు. పోనీ పోలీసులకే అసలు సంగతి చెబుదామంటే, తనను ఇంటి మనిషిలా చూసే కాంతారావు పేరు తన నోటితో చెప్పాలి. ఏం చేయమంటారని అడుగుదామన్నా అడగడానికి ఒక మనిషి లేడు. నిండు ఇంట్లో ఉండి ఇంత ఒంటరితనం ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

తొమ్మిదో రోజున ధైర్యం చేసి కోర్టు వీధిలో గోవర్ధనరావు అనే లాయరు దగ్గరికి వెళ్ళింది. నోటీసు బల్ల మీద పెట్టగానే ముందు అడిగిన మాట, "మీకు చూపించినా తప్పేనాండీ?"

పెద్దాయన నవ్వాడు. "లాయరుకి చూపిస్తే తప్పు కాదమ్మా. కాగితాలు తెమ్మని అడగడానికి సెక్షనుంది. ఎన్నాళ్ళు నోరు మూసుకోవాలో మాత్రం అందులో లేదు. రహస్యం అనవసరమని కూడా నేనననులే. ముందే తెలిస్తే దొంగ జారుకుంటాడు. కానీ దానికో గడువుండాలి. కొన్ని దేశాల్లో ఇన్ని రోజులని చట్టంలోనే రాయాలని చర్చిస్తున్నారు. మన దగ్గర అడిగినవాళ్ళు తక్కువ."

"మరి నేనేం చెయ్యాలండీ?"

"నీ నోరు కట్టేసింది బయటివాళ్ళ దగ్గరమ్మా, పోలీసుల దగ్గర కాదు. పుస్తకంలో ఉన్నది నిజం కాకపోతే ఆ సంగతి వాళ్ళకు చెప్పు. అది నువ్వే చెప్పాలి."

ఇంటికొస్తూ రేపు వెళ్దామనుకుంది. రేపు వచ్చాక ఎల్లుండి అనుకుంది. ఆ ఎల్లుండి మధ్యాహ్నమే పోతయ్యకు స్టేషను నుంచి ఫోనొచ్చింది.

దీపాలు పెట్టే వేళకు ఆయన తిరిగొచ్చాడు. కాళ్ళు కడుక్కోలేదు. మంచం మీద కూర్చోలేదు. నడవలో నిలబడే పిలిచాడు.

"అమ్మాయ్, ఇలా రా."

సుభాషిణి వచ్చి స్తంభం పట్టుకుని నిలబడింది.

"ఐసు పుస్తకం జెరాక్సు చూపించారు. పన్నెండో తారీఖున నా బోటు వేటకెళ్ళిందంట. కోడూరు ముసలాయన్ని గుద్దింది నా బోటేనంట. కింద సంతకం నీది. ఎప్పుడిచ్చావది?"

"పదకొండు రోజులైంది బావగారూ."

రత్నకుమారి చేతిలో చేట కింద పడేసింది. "పదకొండు రోజులా! పొద్దున్నే ఆయన ముందు కంచం పెడుతూ, అన్నం వడ్డిస్తూ, పదకొండు రోజులు కడుపులో పెట్టుకున్నావా? సొంత చెల్లెల్లా చూసుకున్నాను కదే నిన్ను!"

"చెప్పకూడదని రాశారక్కా. చెబితే కేసంట."

"మాక్కూడానా? మేమెవరమే నీకు? ఎదురింటోళ్ళమా?"

"ఆగవే," అన్నాడు పోతయ్య. ఆయన గొంతులో కోపం లేదు, అదే సుభాషిణికి మరీ కష్టంగా ఉంది. "రహస్యం సంగతి తర్వాత. ఆ రోజు నా బోటు ఒడ్డునే ఉందని నీకు తెలుసు కదా. ఇంజను విప్పుతుంటే టీ తెచ్చిచ్చింది నువ్వే. మరి నా పేరు ఎందుకు రాశావమ్మా?"

ఆమె స్తంభాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఎవరన్నా రాయమన్నారా?"

ఆమె కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. పోతయ్య ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గోడకున్న క్యాలెండరు దగ్గరికి వెళ్ళి పోయిన నెల కాగితం పైకెత్తాడు. పధ్నాలుగో తారీఖు చుట్టూ రత్నకుమారి పెన్నుతో సున్నా చుట్టి ఉంది. కాంతారావు నాన్న పెద్దకర్మ.

ఆయన వేలు అక్కడి నుంచి వెనక్కి జరిగి పన్నెండు మీద ఆగింది.

"నేనే," అన్నాడు మెల్లగా. "నేనే కదా ఫోన్ చేసి చెప్పాను. వాళ్ళు మైలలో ఉన్నారు, మన పేరున రాసెయ్యి అమ్మాయ్ అని. చెప్పి, ఆ మాటే మర్చిపోయాను."

"నేను చెప్పలేదు బావగారూ," అంది సుభాషిణి ఏడుస్తూ. "నేనేం చెప్పలేదు. మీకే గుర్తొచ్చింది. నేను ఎవరికీ ఏం చెప్పలేదు."

ఆ మాట విని రత్నకుమారి నిలువునా కరిగిపోయింది. ఇంత జరిగాక కూడా ఆ పిల్లకి ఆ కాగితం భయం వదల్లేదు. ముందుకొచ్చి తలని భుజానికి అదుముకుంది. "ఊరుకోవే, ఊరుకో. నా నోరు పడిపోను."

పోతయ్య జేబులోంచి ఫోను తీశాడు. కాంతారావు పేరు దాకా వెళ్ళి వేలు ఆగిపోయింది.

"వాడికి తెలిసుండదు. మైల రోజుల్లో గడప దాటలేదు. సరంగు చెప్పుండడు. ఇప్పుడు నేను చెబితే..."

"వాళ్ళిద్దరివీ ఎదురుబొదురు ఇళ్ళు బావగారూ," అంది సుభాషిణి. "కాంతారావు గారు సరంగుని నిలదీస్తారు. అతను పారిపోతాడు. కోడూరులో ఆ ముసలాయన భార్యకి తన మొగుణ్ణి ఎవరు గుద్దారో ఎప్పటికీ తెలీదు."

పోతయ్య ఫోనుని తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాడు. తన చెయ్యిని తనే నమ్మని మనిషి చేసే పని అది.

మర్నాడు ఇద్దరూ కలిసి స్టేషనుకు వెళ్ళారు. ఎవరు రాయమన్నారో పోతయ్య చెప్పాడు. ఎవరి బోటుకు రాసిందో సుభాషిణి చెప్పింది. తప్పుడు పేరు రాసినందుకు ఎస్సై గారు ఇద్దరికీ గట్టిగానే చీవాట్లు పెట్టారు. సరంగు వేట నుంచి ఇంకా తిరిగి రాలేదని, అతన్ని పట్టుకునేదాకా ఈ మాట బయటికి పొక్కకూడదని ఇంకో కాగితం ముందుకు తోశారు. చివర అదే వాక్యం.

సుభాషిణి పెన్ను పట్టుకుని ఆగింది.

"సార్, ఎన్నాళ్ళో ఇందులో లేదండీ."

"చెప్పాను కదమ్మా, మేం చెప్పేదాకా."

"తారీఖు వెయ్యండి సార్, సంతకం పెడతాను." ఆమె కాగితాన్ని వెనక్కి జరిపింది. "ఎన్ని రోజులైనా సరే, మోస్తాను. కానీ ఎన్నాళ్ళు మొయ్యాలో తెలీకుండా మొయ్యడం చాలా కష్టమండీ. మీకు తెలీదు."

ఎస్సై గారు ఆమె వంక చూశారు. తర్వాత పెన్ను తీసుకుని ఆ వాక్యం కింద 'పది రోజుల వరకు' అని రాసి తారీఖు వేశారు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారో లేదో, కాంతారావు గబగబా వచ్చాడు. చేతిలో సంచీలో పండుగప్ప చేప ఉంది. తండ్రి మైల తీరాక గీసిన గుండు మీద జుట్టు ఇప్పుడిప్పుడే మొలుస్తోంది.

"ఏంటి బావా, నిన్న స్టేషనుకి పిలిచారంట? ఇవాళ కూడా వెళ్ళొచ్చావంట? అసలేం జరిగింది?"

పోతయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అవసరానికి మించి చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఏం లేదురా. బోటు కాగితాలేవో చూడాలన్నారు."

"నా దగ్గర దాస్తున్నావా? ఫోన్ చేస్తే తియ్యవు. ఏదన్నా ఇబ్బందైతే చెప్పు బావా. మా నాన్న పోయినప్పుడు నా బోటు వాళ్ళ కడుపు నింపింది నీ పేరు. అది నేను మర్చిపోతానా? నా ప్రాణం అడిగినా ఇస్తాను."

పోతయ్య తలొంచుకుని వల ముడి ఏదో విప్పుతున్నట్టు కూర్చున్నాడు. కాంతారావు కాసేపు చూసి, మొహం చిన్నబుచ్చుకుని, చేప రత్నకుమారి చేతికిచ్చి వెళ్ళిపోయాడు. వీధి మలుపు తిరిగే ముందు ఒకసారి వెనక్కి చూశాడు కూడా.

మధ్యాహ్నం రత్నకుమారి ముగ్గురికీ వడ్డించింది. పోతయ్య ఒక ముద్ద కలిపాడు. నోటి దాకా తీసుకెళ్ళి మళ్ళీ కంచంలో పెట్టేశాడు. ఎదురుగా కూర్చున్న మరదలి వంక చూశాడు. ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నాకు ఒక్క పూట అయింది," అన్నాడు. "ముద్ద దిగట్లేదు. పదకొండు రోజులు ఎలా తిన్నావమ్మా?"

సుభాషిణి చెంగుతో కళ్ళు తుడుచుకుని, పులుసు గిన్నె దగ్గరికి లాక్కుని, ఆయన కంచంలో ఒక గరిటె పోసింది. "తినండి బావగారూ, ఇవాళ ఉప్పు సరిపోయింది," అంది. "ఇంకా పది రోజులే."