శవం కడిగిన నీళ్ళు

న్వలీ శవం మంచం మీద వెల్లకిలా ఉంది. ముఖం ఉబ్బింది. చిగుళ్ళ దగ్గర నెత్తురు ఎండి అట్టకట్టింది.

ఇన్‌స్పెక్టర్ అలేకే గుమ్మం దాటలేదు. అక్కడే నిలబడి చూశాడు.

"లోపలికి వెళ్ళరా సార్?" అన్నాడు సార్జెంట్ బేసిల్.

"కళ్ళున్నాయిగా. ముందు వాటితో చూడనీ."

బేసిల్ ఎప్పటిలాగే కుడివైపు నిలబడ్డాడు. అలేకేకి ఎడమచెవి వినపడదు. ఆ సంగతి అబకలికి స్టేషన్‌లో అందరికీ తెలుసు. ఒంటిచెవి దొర అని పేరు కూడా పెట్టారు. ధైర్యమున్నవాళ్ళు ఎదురుగానే అంటారు, ఎడమవైపు నుంచి.

పొద్దున్నే స్టేషన్‌కి వచ్చి ఫిర్యాదు ఇచ్చినవాడు న్వలీకి అన్న, ఎలోమ్. ఆ ఇంటి దాయాదులందరికీ పెద్ద. తమ్ముణ్ణి పెళ్ళామే విషం పెట్టి చంపిందని అతని మాట.

"విషమని ఎలా తెలుసు?" అలేకే వరండాలో కూర్చుని అడిగాడు.

"పొలానికి తిండి కట్టిచ్చింది అదే. తిన్నది ఇద్దరు. మా తమ్ముడు, వాడి స్నేహితుడు సండే. ఇద్దరూ మంచం పట్టారు. సండే లేచాడు, మావాడు నిన్న సాయంత్రం పోయాడు."

"కట్టిచ్చింది ఏమిటి?"

"గారీ."

"ఇంట్లో వాళ్ళు తిన్నదో?"

"గారీయే! అదే సంచిలోది. ఇంట్లో తిన్నవాళ్ళందరూ గుండ్రాళ్ళలా ఉన్నారు. సంచిలో లేని విషం మూటలోకి ఎక్కణ్ణుంచి వచ్చింది ఇన్‌స్పెక్టరుగారూ? దాని చేతిలోంచి కాదూ?"

మా ఎబొన్యీ రాష్ట్రంలో గారీ లేని ఇల్లు ఉండదు. కర్రపెండలం తురిమి, పిండి, వేయించిన రవ్వ అది. సంచి నిండుగా ఉంటే ఇంటి ఇల్లాలికి గుండె నిండుగా ఉంటుంది. ఎలోమ్ మాటలో వంక పెట్టడానికేమీ లేదు. అలేకేకి నచ్చనిది అదే.

"ఆసుపత్రిలో ఏమన్నారు?"

"బజారులో క్లినిక్. పదిరోజులు మలేరియా ఇంజెక్షన్లు పొడిచారు. విషానికి మలేరియా మందు పనిచేస్తుందా?"

"శవాన్ని ఎప్పుడు కడుగుతారు?"

"ఎండ తగ్గాక. మా ఇంటి ఆడపడుచులు కడుగుతారు. ఆ నీళ్ళు అది తాగాలి. చంపకపోతే బతుకుతుంది. చంపి ఉంటే ఆ నీళ్ళే పట్టుకుంటాయి. తాతలనాటి కోర్టు. మీ కోర్టులా ఏళ్ళు పట్టదు."

"చట్టం ఒప్పుకోదు."

"బలవంతం ఏముంది? తాగనంటే తాగనే వద్దు." ఎలోమ్ కండువా సర్దుకున్నాడు. "ఇల్లూ, పొలమూ, ఇద్దరు ఆడపిల్లలూ మావాళ్ళ దగ్గరుంటారు. అది మాత్రం దాని దారి చూసుకోవాలి."

*

న్వలీ భార్య ఒగేరి వంటింట్లో నేల మీద కూర్చుంది. తల అప్పుడే గొరిగేశారు. గోడవారన గారీ సంచి ఉంది. సంచి మూల చిరిగితే దారంతో ముడివేశారు. ముడి పక్కన మళ్ళీ కొత్త కంత.

"మొగుడితో గొడవలున్నాయా?"

"గొడవల్లేని మొగుడూ పెళ్ళాం ఎక్కడున్నారు సార్?"

"మూటలో ఏం కట్టారు?"

"గారీ, వేరుశెనగలు, కాస్త చక్కెర. ఎండలో చాకిరీ చేసేవాళ్ళని చక్కెర వాళ్ళకే దాచేదాన్ని."

"మీరేం తిన్నారు?"

"మా అత్త, పిల్లలు, నేను... పొయ్యి వెలిగించి ఆ గారీనే ఎబా ముద్ద చేసుకునేవాళ్ళం. పుచ్చగింజల పులుసుతో."

"ఆ నీళ్ళు తాగుతారా?"

ఆమె వెంటనే తలెత్తింది. "తాగుతా సార్. తాగితే నా పిల్లలు నాకు దక్కుతారు. నేనేం చెయ్యలేదు, నాకేమవుతుంది?"

గుమ్మంలో నవ్వు వినపడింది. ఎలోమ్ అక్క అడాకూ. ఇంటి ఆడపడుచులందరిలో పెద్దది. ఆమె మాటంటే ఊళ్ళో కోడళ్ళకి హడల్.

"ఉగోయే కూడా ఇదే మాట అంది," అంది అడాకూ.

"ఉగోయే ఎవరు?"

"మా చిన్నాన్న కొడుకు పెళ్ళాం. రెండేళ్ళ కింద మొగుడు పోతే, నేనేం చెయ్యలేదని గటగటా తాగింది. రెండువారాలు తిరక్కుండానే పోయింది. దేవుడు ముందు దాని చెవులు మూశాడు. పిలిస్తే పలికేది కాదు. ఆ తర్వాత నోట్లోంచి నెత్తురు. మొగుణ్ణి తిన్నదానికి ఊళ్ళో సమాధి ఎందుకని, పాపిష్టి శవాలు వేసే చెడ్డ అడవిలో పారేయించాం."

"ఆమెకి గిన్నె అందించింది ఎవరు?"

"నేనే," అంది అడాకూ గడ్డం పైకెత్తి.

అలేకే లేచాడు. "ఆ సండే ఇల్లెక్కడ?"

*

సండే ఇంటి ముందు స్టూలు మీద కూర్చున్నాడు. చిక్కి సగమయ్యాడు. అలేకే ఎదురుగా నిలబడి మూడు ప్రశ్నలు వేశాడు. ఒక్కదానికీ జవాబు లేదు.

"జ్వరం తగ్గినప్పట్నుంచీ ఇదే వరస సార్," అంది సండే తల్లి. "పిలిస్తే పలకడు. నా కొడుక్కి ఇంత పొగరు ఎప్పుడూ లేదు."

బేసిల్ గొంతు తగ్గించాడు. "దాస్తున్నాడు సార్. ఆ ఆడమనిషికీ వీడికీ ఏదో ఉంది. స్టేషన్‌కి తీసుకెళ్ళి నాలుగు తగిలిస్తే..."

"నోర్ముయ్."

అలేకే సండే తలనే చూస్తున్నాడు. పక్కన మేక అరిచినప్పుడు ఆ తల కొంచెం తిరిగింది. కుడిచెవి ముందుకు వచ్చింది. ఆ తిప్పడం ఎలాంటిదో అలేకేకి తెలుసు. రోజూ తనూ అలాగే తిప్పుతాడు.

అతను చుట్టూ తిరిగి కుడివైపుకి వెళ్ళాడు. వంగి గట్టిగా అడిగాడు.

"తమ్ముడూ, పొలంలో గారీ ఎలా తిన్నారు?"

సండే ఉలిక్కిపడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళకి తనతో ఎవరో మాట్లాడినట్టయింది అతనికి.

"ఎలా ఏంటన్నా? చెంబులో వేసి, బావినీళ్ళు పోసి నానబెట్టాం. పైన చక్కెర. అంత ఎండలో కడుపులో చల్లగా ఉంటుంది."

అలేకే పరుగులాంటి నడకతో వెనక్కి వచ్చాడు. రోడ్డు మీద నిలబడి అబకలికి పెద్దాసుపత్రికి ఫోన్ చేశాడు. మాట్లాడి న్వలీ ఇంట్లోకి వచ్చేసరికి బేసిల్ వరండాలో దర్జాగా కూర్చున్నాడు. న్వలీ తల్లి పోలీసుబాబు ఎండన పడి వచ్చాడని గిన్నె ఇచ్చింది. గిన్నెలో గారీ, చల్లటి నీళ్ళు, చక్కెర. చెంచా నోటి దగ్గరికి వెళ్ళింది.

అలేకే గిన్నె మీద ఒక్కటి కొట్టాడు. గిన్నె ఎగిరి వాకిట్లో పడింది.

"సార్! చక్కెర కూడా వేసింది సార్!"

"మింగావా?"

"లేదు సార్. మీరు మింగనిస్తేగా!"

"సబ్బుతో చేతులు కడుక్కో. మోచేతుల దాకా."

మధ్యాహ్నానికి ఆసుపత్రి వ్యాను వచ్చింది. తెల్లగౌన్లూ కళ్ళద్దాలూ వేసుకున్న మనుషులు శవాన్ని సంచిలో చుట్టి తీసుకుపోయారు. సండేని ఎక్కించుకున్నారు. ఆడపడుచులు గుండెలు బాదుకున్నారు. ఎలోమ్ పోలీసుల ఏడు తరాలనూ తిట్టాడు.

"రేపు సాయంత్రం అందరూ ఇక్కడే ఉండండి," అన్నాడు అలేకే. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. పరీక్ష ఫలితం రాకుండా నోరు జారితే ఈ ఊళ్ళో ఎవడూ నమ్మడని అతనికి తెలుసు.

*

మర్నాడు మూడింటికి ఫోన్ వచ్చింది. నాలుగింటికి అలేకే వాకిట్లో ఉన్నాడు.

దాయాదులు ఒకవైపు, ఆడపడుచులు ఒకవైపు. మధ్యలో ఒగేరి. ఎడారి నుంచి వీచే హర్మటాన్ గాలికి అందరి ముఖాల మీదా దుమ్ము.

అడాకూ చేతిలో గిన్నె ఉంది. పైన అరటాకు కప్పి ఉంది.

అలేకే అడుగు ఆగింది. "ఏమిటది?"

"శవాన్ని ఎత్తుకుపోయారుగా. నిన్న మీరు సండే ఇంటికి వెళ్ళినప్పుడే ముఖమూ చేతులూ కడిగాను. నీళ్ళు దాచాను." ఆమె ఆకు తీసింది. "రా ఒగేరీ."

ఒగేరి అప్పటికే లేచింది. రెండు చేతులూ చాచింది. "ఇవ్వండి వదినా. పిల్లల్ని రమ్మనండి, చూడనివ్వండి."

"ఆగమ్మా!" అలేకే ఇద్దరి మధ్యకి వచ్చాడు. "ఎలోమ్‌గారూ, తప్పు చెయ్యనివాళ్ళని ఈ నీళ్ళు ఏమీ చెయ్యవు కదూ?"

"చెయ్యవు."

"అయితే ముందు మీరు ఒక గుక్క తాగండి."

ఎలోమ్ ఒకడుగు వెనక్కి వేశాడు. దాయాదుల్లో ఎవరో దగ్గారు.

"ఒకటే సంచి, రెండు తిళ్ళు. ఇంట్లో తిన్నవాళ్ళు బాగున్నారు, పొలంలో తిన్నవాళ్ళు పడ్డారు. తేడా ఈమె చేతిలో ఉందన్నారు మీరు. తేడా నీళ్ళలో ఉంది. ఎబా ముద్దకి నీళ్ళు కుతకుత మరగాలి. ఆ వేడికి గారీలో కంటికి కనపడని ఏ పురుగున్నా చస్తుంది. పొలంలో నానబెట్టింది చల్లనీళ్ళలో. పురుగు చావలేదు."

"ఏం పురుగు?" అన్నాడు ఎలోమ్.

"లస్సా జ్వరం. ఎలుకలది. మనం పొదలు తగలబెడతాం, అవి ఇళ్ళలోకి దూరతాయి. ఆరబోసిన గారీ మీద తిరుగుతాయి, ఉచ్చపోస్తాయి. సంచి మూల ఎలుక కొరికితే ముడివేశారు. ముడి పక్కనే మళ్ళీ కొరికింది. సండే రక్తంలో, న్వలీ రక్తంలో, ఇద్దరిలోనూ అదే దొరికింది. ఇంతకుముందే ఫోన్ వచ్చింది."

ఒగేరి చేతులు చాచినవి చాచినట్టే ఉన్నాయి. "అయితే... నేను ఆరబోసిన గారీయేనా ఆయన్ని తీసుకెళ్ళింది?"

"ఊరంతా అలాగే ఆరబోస్తుందమ్మా. మా ఇంట్లోనూ అంతే," అన్నాడు అలేకే. ఆమె నేల మీద కూలబడింది. ఆ మాట ఆమెకి ఏ సాయమూ చెయ్యలేదు.

"సండేకి పొగరన్నారు. ఆ జ్వరం చెవులు తినేస్తుంది." అలేకే తన ఎడమచెవి పట్టుకుని చూపించాడు. "మూడేళ్ళ కింద నాకూ వచ్చింది. మందు దొరికి బతికాను, చెవి పోయింది. చెప్పండి అడాకూ అమ్మా, నేనెవర్ని చంపానని దేవుడు దీన్ని మూశాడు?"

అడాకూ ఆ చెవి వంకే చూసింది.

"ఉగోయే మొగుడు ఎలా పోయాడు?"

"జ్వరం," అంది ఆమె మెల్లగా. "చిగుళ్ళలో నెత్తురు."

"ఆ జ్వరం రోగి ఒంట్లోంచి కారే ప్రతి చుక్కలోనూ ఉంటుంది. శవంలోనూ ఉంటుంది. ఆ శవం కడిగిన నీళ్ళు ఆమె తాగింది."

గిన్నెలో నీళ్ళు అలలు కొట్టాయి. అడాకూ దాన్ని రెండు చేతులతో, పసిబిడ్డని దించినట్టు, నేల మీద పెట్టింది. బేసిల్ బ్లీచింగ్ డబ్బా తెచ్చి గిన్నెలో మొత్తం కుమ్మరించాడు.

"నిన్న మీరూ కడిగారు," అన్నాడు అలేకే అడాకూతో. "ఇరవయ్యొక్క రోజులు ఆసుపత్రివాళ్ళు రోజూ జ్వరం చూస్తారు. వస్తే దాచకండి, మందుంది."

ఆమె ఆ మాట విన్నట్టు లేదు. అలేకే దగ్గరికి వచ్చింది. పెదవులు కదిలాయి.

"ఉగోయే చంపలేదు," అంది గుసగుసగా.

"వినపడలేదు," అన్నాడు అలేకే.

"ఉగోయే చంపలేదు. నేనే..."

"నా చెవి సంగతి తెలుసుగా. గట్టిగా."

అడాకూ వాకిలి వైపు తిరిగింది. తన మాటకి హడలే కోడళ్ళందరూ అక్కడే ఉన్నారు. ఆమె గొంతు చీలిపోయేలా అరిచింది.

"ఉగోయే ఎవర్నీ చంపలేదు! దాన్ని నేను చంపాను, ఈ చేతుల్తో! అడవికి పోయి దాని ఎముకలు ఇంటికి తీసుకురండ్రా!"

ఎలోమ్ తల వంచుకున్నాడు. ఆడపడుచుల్లో ఒకామె ఏడుపు అందుకుంది.

బేసిల్ ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. అడాకూ ఇంతసేపూ నిలబడింది అలేకేకి కుడివైపు, వినపడే చెవి పక్కన.