పులిని అడిగినవా?

హన్మకొండ సుబేదారిలో ఖాజా మొహినుద్దీన్ చాయ్ హోటల్ మీద ఒక గది ఉండేది. దాని తలుపు మీద సుద్దముక్కతో 'ప్రెస్' అని రాసుకున్నవాడు సారంగపాణి. నెక్కొండ మిరప రైతు కొడుకు, డిగ్రీ చివరి ఏడాది చదువుతూనే ఒక దినపత్రికకు వార్తలు పంపేవాడు. జిల్లాలో ఆకు కదిలినా తనకు తెలియకుండా కదలదని అతని నమ్మకం.

ఎనభై రెండు వానాకాలంలో ఒక పొద్దున ఆ గది చెక్కమెట్లు దడదడలాడాయి. తడిసిన గొడుగుతో, చేతిలో మడత పేపరుతో ఒక అమ్మాయి గుమ్మంలో నిలబడింది.

"ఏటూరునాగారంల పులి తిరుగుతాందని రాసింది నువ్వేనా?"

సారంగపాణి జుట్టు సవరించుకున్నాడు. మెచ్చుకోవడానికి వచ్చిందనుకున్నాడు పాపం.

"నేనే. ఎట్లున్నది?"

"మా అవ్వ గడప దాటుతలేదు. బర్రెలు మేతకు పోతలేవు. ఊరు ఊరంత పొద్దూకకముందే తలుపులు పెట్టుకుంటాంది. గట్లున్నది!"

"మరి పులంటె భయముండదా?"

"పులి ఉంటె గద భయం! నువ్వు చూసినవా?"

"లే. బస్ కండక్టర్ యాకయ్య చెప్పిండు. రోజు ఆ రూట్లనే తిరుగుతడు. రిలయబుల్ సోర్స్."

"ఆయన చూసిండా?"

"ఆయనకు మొగిలమ్మ అని ఒకామె చెప్పిందట."

"మొగిలమ్మ మా పక్కింటామె. తుప్పల ఏందో కదిలిందన్నది, గంతే. ఆ తుప్ప బస్సెక్కి ములుగు దాటేసరికి పులైందా? పేపర్ల రాసేటోనివి, రెండో పక్కను అడుగద్దా?"

"రెండో పక్కంటే ఎవర్ని? పులినా?" నవ్వుతూ అన్నాడు సారంగపాణి.

ఆమె నవ్వలేదు. "అవ్, పులినే అడుగు. అడిగెదాక రాయకు."

కింద చాయ్ వడపోస్తున్న ఖాజా భాయ్ మాత్రం గట్టిగా నవ్వాడు.

ఆమె పేరు సారలమ్మ. జాతరనాడు పుట్టిందని తల్లి మొక్కుకుని పెట్టిన పేరు. కాలేజీలో అందరికీ సారల. కోపం వస్తే ముక్కుపుడక కూడా ఎర్రబడుతుందేమో అనిపించింది సారంగపాణికి. అలా అనిపించడం వార్తకు సంబంధించిన సంగతి కాదు కనుక పైకి అనలేదు.

ఆ ఆదివారం పులిని అడగడానికి ఏటూరునాగారం వెళ్ళాడు. మొగిలమ్మ చూపించిన తుప్పలో దొరికింది తప్పిపోయిన బర్రెదూడ. అది కూడా సారల వాళ్ళదే! ఆమె తండ్రి మొండయ్య దూడ మెడ నిమిరి, సారంగపాణికి చెంబెడు చల్ల పోశాడు.

"తాగు కొడుకా. పులి దొరికింది గద."

"తప్పైంది కాకా," అన్నాడు సారంగపాణి, చల్ల మీసాలు తుడుచుకుంటూ.

మరో రెండు రోజులకు పేపర్లో వచ్చింది: ఏటూరునాగారంలో తిరిగినది పులి కాదు, బర్రెదూడ. సుబేదారి అంతా పడీ పడీ నవ్వింది. ఖాజా భాయ్ అతన్ని 'దూడ సాబ్' అని పిలవడం మొదలుపెట్టాడు. సారల మాత్రం ఈసారి మెట్లు నెమ్మదిగా ఎక్కింది.

"తప్పైతె తప్పైందని రాసినవ్. గది నచ్చింది."

ఆ 'నచ్చింది' సారంగపాణి చెవుల్లో చాలాకాలం మోగింది.

తర్వాత సారల కూడా వార్తలు తెచ్చేది. హాస్టల్ నల్లా సంగతి, వాగు పొంగి బడి మూతపడ్డ సంగతి. ఆమె చెప్పినదాంట్లో ఒక్క మాట కొట్టేద్దామన్నా సందు దొరికేది కాదు. ఇద్దరూ వాదులాడుకుంటుంటే చాయ్ చల్లారేది, ఖాజా భాయ్ మళ్ళీ వేడిచేసి పంపేవాడు. డిగ్రీ పరీక్షలు అయ్యేసరికి జర్నలిజమే చదవాలని ఇద్దరూ నిర్ణయించుకున్నారు. ఎక్కడ అన్నదే తేలలేదు. రెండు యూనివర్సిటీలకూ అప్లికేషన్లు పెట్టి ఉంచారు.

"మైసూర్ల డిపార్ట్‌మెంట్ పెద్దదట. లైబ్రరీ మస్తుగుంటదట," అన్నాడతను.

"ఉండనియ్. నేను రాయాలనుకున్న పేపర్లన్ని పట్నంలనే ఉన్నయ్. పగలు చదివి, సాయంత్రం ఏదన్న ఆఫీసుల పని నేర్చుకోవచ్చు. నీకు కన్నడం వచ్చా?"

"బస్సు మీది బోర్డు సుత చదువరాదు."

"మరింకేంది? ఉస్మానియా."

చెప్పిన తీరు చూస్తే ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఆమె కోసం ఎవరో ఎదురుచూస్తున్నట్టే ఉంది. రెండు చోట్లా ఇద్దరికీ సీట్లు వచ్చాయి. సారంగపాణికి భూమ్మీద కాళ్ళు ఆనలేదు.

సారల అంటే తనకు ప్రాణమని అతనికి అప్పటికి తెలుసు. ఖాజా భాయ్‌కి అంతకంటే ముందే తెలుసు.

సరిగ్గా అప్పుడే కండక్టర్ యాకయ్య చాయ్ తాగడానికి దిగాడు.

"తమ్మీ, నీకొక ముచ్చట. నిన్న బస్సుకాడ మొండయ్య ఖరాకండిగ చెప్పిండు. ఆ పిలగాడు గూడ పట్నంల ఉంటె నా బిడ్డను పంపియ్య అని."

సారంగపాణి చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. తన వల్ల సారల చదువు ఆగిపోతుందా? అంతకంటే పాపం ఉందా? ఆ రాత్రి బాగా ఆలోచించి, త్యాగమూర్తిలా ఒక నిర్ణయానికి వచ్చేశాడు. ధైర్యవంతులతో ఇదే చిక్కు. తప్పుదారి కూడా ధైర్యంగానే పడతారు.

"నేను మైసూర్ పోతాన్న," అన్నాడు మర్నాడు, ఆమె ముఖం చూడకుండా.

"కన్నడం ఎప్పుడు నేర్సినవ్?"

"నేర్చుకుంట."

"నాతోని చదువుడు ఇష్టం లేదా?"

"గట్ల కాదు. డిపార్ట్‌మెంట్ పెద్దది..."

సారల లేచింది. చాయ్ తాగలేదు. వాన పడుతున్నా గొడుగు మరిచిపోయి వెళ్ళిపోయింది. ఆ గొడుగును సారంగపాణి మడిచి తలుపు వెనక తగిలించాడు.

రెండోనాడు మెట్లు మళ్ళీ దడదడలాడాయి. గొడుగు కోసం వచ్చిన సారలను ఖాజా భాయ్ అప్పటికే కింద ఆపి, యాకయ్య చెప్పిన ముచ్చట మొత్తం చెప్పేశాడు.

"మా బాపు గట్లన్నడని నీకెవరు చెప్పిండ్రు?"

"యాకయ్య."

"రిలయబుల్ సోర్స్!" సారల నడుమున చేతులు పెట్టుకుంది. "పులిని అడిగినవా?"

సారంగపాణి తలుపు వెనక నుంచి గొడుగు తీసి ఆమెకు అందించాడు.

"నా చదువు నాది. మా బాపు వద్దంటె నేను మాట్లాడుకుంట. నా తరఫున త్యాగం చెయ్యమని నీకెవరు చెప్పిండ్రు? లే, బస్సుకు టైమైతాంది."

వాళ్ళు వెళ్ళేసరికి మొండయ్య వాకిట్లో మంచానికి నులక అల్లుతున్నాడు. సారల కూర్చోకుండానే అడిగేసింది.

"బాపు, ఈయన పట్నంల ఉంటె నన్ను పంపియ్య అన్నవా?"

"అన్న," అన్నాడు మొండయ్య.

సారల ముఖం వాడిపోయింది. సారంగపాణికి మైసూరు రైలు కూత వినబడింది.

"పంపియ్య, వాళ్ళ నాయిన వచ్చి నాతోని ఒక మాట మాట్లాడెదాక అని అనబోయిన. ఆ యాకయ్య రైట్ రైట్ అన్నడు, బస్సు కదిలింది. సగం మాట నా నోట్లనే ఉండె." నులక బిగించి లాగాడు మొండయ్య. "నా పిల్ల ఏడ చదువుతదో నా పిల్లకెరుక. కాని నలుగురు నాలుగు మాటలు అనకముందే పెద్దలు ఒక మాట అనుకోవాలె. మీ ఇంటిపేరేంది? మీ అవ్వది ఏ ఊరు?"

సారంగపాణి చెప్పాడు. మొండయ్య తల ఊపాడు.

"ఐతె ఆదివారమే మా నాయినను తోల్కస్త కాకా!"

"ముందుగాల ఆ కాకా అనుడు బంద్ జెయ్," గద్దించాడు మొండయ్య. "నేను నీకు చిన్నాయిననైతె నా బిడ్డ నీకు ఏమైతది? పట్నం పోయి చదివేటోనివి, గంత సోయి లేదా?"

సారంగపాణికి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక వరస మార్చాడు.

"మ... మామా."

లోపల నుంచి సారల తల్లి నవ్వు కిలకిలా వినిపించింది.

"చదువు ముందు. నౌకరీలు దొరకనియ్యుండ్రి. లగ్గం ముచ్చట తర్వాత," అన్నాడు మొండయ్య, మళ్ళీ నులక అందుకుంటూ.

సాయంత్రం బస్సు కోసం ఇద్దరూ ఒకే గొడుగు కింద నిలబడ్డారు. ముసురు పడుతోంది. సారంగపాణి గాల్లో తేలుతున్నాడు.

"మొత్తానికి అంత మంచిగైంది."

"ఏం మంచిగైంది?" సారల అతని వైపు తిరిగింది. "మా బాపును మామా అన్నవ్. మీ నాయినను అడుగుతవ్. నన్నెప్పుడు అడుగుతవ్?"

జిల్లా అంతా ప్రశ్నలు అడిగిన సారంగపాణికి ఆ ఒక్క ప్రశ్న నోటికి రావడానికి చెమటలు పట్టాయి.

"సారలా, నువ్వంటె నాకు ప్రాణం. నన్ను చేసుకుంటవా?"

ఆమె గొడుగును అతని వైపు కాస్త వంచింది. దూరంగా బస్సు హారన్ వినిపించింది. తర్వాత అతని వైపు చూసింది. ఆ చూపులోనే జవాబు ఉన్నా, నోటితో కూడా చెప్పింది.

"చేసుకుంట. కాని సగం మాట రాసుకోకు."

"మిగతా సగమేంది?"

"పట్నంల నాకంటె ముందు వార్త పట్టుకపోయినవంటె ఊకోను."

బస్సు వచ్చి ఆగింది. ఫుట్‌బోర్డు మీద నుంచి యాకయ్య వంగి, ఒకే గొడుగునూ ఇద్దరి ముఖాలనూ మార్చి మార్చి చూశాడు.

"ఏంది తమ్మీ, ఏమన్న విశేషమా?"

ఇద్దరూ ఒకేసారి అన్నారు.

"ఏం లే అన్నా, తుప్ప కదిలింది!"