లైను చచ్చాక రెండు సెకన్లు

...అయినా రెండు సెకన్లంటే తక్కువేం కాదు, అనుకుంటున్నాడు మెలిస్. ల్యాబ్‌లో అది స్టాప్‌వాచ్ మీద బొటనవేలు కదిలేంత సేపు. ఇక్కడ, మైనస్ ఇరవై ఆరు చలిలో, కరెంటు స్తంభం కింద నిలబడి ఆలోచిస్తే, రెండు సెకన్లలో మనిషి చావడమే కాదు, చస్తున్నానని తెలుసుకోవచ్చు కూడా. లైన్‌మన్ కుబాత్‌కి తెలుస్తుందా? తెలిస్తే ఎవర్ని తలుచుకుంటాడు? భార్య పోయి మూడేళ్లయిందట.

కుబాత్ మంచులో గొంతుక్కూర్చుని బూట్లకి స్తంభమెక్కే ఇనప గోళ్లు బిగించుకుంటున్నాడు. తలెత్తి నవ్వాడు. బంగారు పన్ను మెరిసింది.

"ఏంటి బైకే, ఏంటన్నా, అట్టా చూస్తన్నావ్? నా గొయ్యికి కొలతలు తీసుకుంటన్నావా?"

"బూట్లు చూస్తున్నా."

"చూడు, చూడు. మీ బిష్కెక్ ఇన్‌స్పెక్టర్లంతా బూట్లే చూస్తారు. పైకెక్కి తీగ చూసినోణ్ణి ఇంతవరకూ చూళ్లేదు నేను."

చెవుల టోపీ కింద, ఇయర్‌పీస్‌లో గూఢచారి విభాగం కర్నల్ షర్షెన్ గొంతు పలికింది. "కదలకు మెలిస్. హాల్డర్ జీపులోనే ఉన్నాడు. శాటిలైట్ ఫోన్ చేతిలోనే ఉంది."

నూటయాభై గజాల అవతల, బడి గోడ పక్కన తెల్ల జీపు. వెనక సీట్లో హాల్డర్ అనే విదేశీయుడు. పక్కన చొల్పోన్, నక్కబొచ్చు కాలరులో ముఖం దాచుకుని. ఆమె హాల్డర్ కంపెనీకి సేల్స్ మేనేజర్. రెండేళ్లుగా మెలిస్ విభాగానికి రహస్యాలు చేరవేస్తున్నదీ ఆమే. విభాగం రహస్యాలు హాల్డర్‌కి చేరవేస్తున్నదీ ఆమేనేమో. ఆ సంగతి ఆమెకైనా తెలుసో లేదో.

పదకొండు రోజుల క్రితం అప్పగించారు ఈ పని. బ్రీఫింగ్ పట్టుమని రెండు నిమిషాలు.

"స్టాండర్డ్స్ ల్యాబ్‌లో ఇన్‌స్పెక్టర్‌గా చేరు," అన్నాడు కర్నల్. "మూడు కంపెనీల ఇన్వర్టర్లు టెండర్‌కొచ్చాయి. సోలార్, బ్యాటరీ, లైను కరెంటు, అన్నీ ఒకే పెట్టెలో. పోల్చి మార్కులెయ్యి. ఆరు వేలు కొంటున్నాం, బళ్లకీ ఆసుపత్రులకీ. మూడింట్లో ఒకటి హంతకి. ఏదో కనుక్కో."

మెలిస్‌కి కళ్లజోడు ఇచ్చారు, నీలం కోటు ఇచ్చారు. వేషం అతికినట్టు సరిపోయింది. సరిపోయిందా, లేక అసలు మనిషి అందులోంచే బయటికొచ్చాడా? పెట్టెల్ని పోల్చడం అతనికి నచ్చింది. మొదటిది రొద చేసేది. రెండోది ఎండని సగం వృథా చేసేది. మూడోది, హాల్డర్ కంపెనీది, పెద్దింటి పిల్లలా ఒద్దికైనది. బ్యాటరీని పొదివి పట్టుకునేది. అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్షలోనూ అదే ఫస్టు. లైను చచ్చిన రెండు సెకన్లలోపు పెట్టె తన కరెంటుని లైనులోకి పంపడం మానెయ్యాలి. లేకపోతే స్తంభమెక్కిన మనిషి మాడిపోతాడు. రెండోది ఒకటిన్నర సెకను తీసుకుంది. మూడోది సెకనులో పదోవంతు. వందసార్లు కట్ చేశాడు. వందసార్లూ అంతే. సర్టిఫికెట్ మీద మెలిస్ ప్రేమగా సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం చొల్పోన్ ల్యాబ్ గుమ్మంలో నిలబడి అడిగింది: "ఇన్‌స్పెక్టర్ గారూ, మీ దగ్గర ఉప్పు చాయ్ దొరుకుతుందా?" అది గుర్తుమాట.

"ఉప్పుంది. చాయే లేదు," అన్నాడు మెలిస్. అదే జవాబు.

ఆమె బల్ల మీద కూర్చుని, పెట్టెని గోటితో తట్టింది. "ఇక్కడ అది తప్పు చెయ్యదు. మీ ల్యాబ్ కరెంటు మరీ శుభ్రం. గీత గీసినట్టు రెండొందల ముప్పై. పరీక్ష పెడుతున్నారని దానికి తెలిసిపోతుంది. మా లోయల్లో చలికాలం కరెంటు నూటడెబ్బైకి జారి వణుకుద్ది కదా, అక్కడ చూడండి దీని అసలు బుద్ధి. లైను పోయినా ఇది కరెంటు తోస్తానే ఉంటది. ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి ఎదురెక్కితే పదివేల వోల్టులు."

"ఎందుకు?"

"నడి చలికాలంలో ఒక రోజు హాల్డర్ వాళ్లు మెయిన్ లైను పేల్చేస్తారు. బాగుచెయ్యడానికి ఎక్కినోళ్లు ఎక్కినట్టే రాలిపోతారు. ఓ పదిమంది పోయాక ఇంకెవడెక్కుతాడు? వారంలో ఊళ్లు గడ్డకడతాయి." లిప్‌స్టిక్ తీసి చిన్న అద్దంలో చూసుకుంటూ అంది: "ముందు ఒకసారి ట్రయల్ చూపించాలట, డబ్బిచ్చేవాళ్లకి. ఊళ్లో నలభై పెట్టెలు ఫ్రీగా బిగించాం. లైన్‌మన్‌ని నన్నే ఎంచమన్నారు. పెళ్లాం పోయినోణ్ణి ఎంచా. ఏడ్చేవాళ్లు తగ్గుతారని."

అప్పుడు మెలిస్‌కి భయం వెయ్యలేదు. సబబుగానే ఉంది అనుకున్నాడు. ఇప్పుడదే గుర్తొస్తోంది.

ఇయర్‌పీస్ గరగరలాడింది. "ప్లాన్ మారలేదు. లైన్‌మన్ పడతాడు, హాల్డర్ ఫోన్ చేస్తాడు, కాల్ ఎక్కడికి పోతుందో మనం పట్టుకుంటాం. ముఠా మొత్తం చిక్కుద్ది. ఇప్పుడు ఆపితే ఈ ఆరు వేలు ఆగుతాయి, ఇంకో పేరుతో ఇంకో ఆరు వేలు దిగుతాయి. ఒక్కడు, మెలిస్. ఒక్కడేగా."

మెలిస్ చేతి గడియారం వణికింది. హై వోల్టేజ్ దగ్గరైతే వణికేలా టెక్నికల్ విభాగం వాళ్లు చేసిచ్చారు దాన్ని. పైన తీగ బతికే ఉంది. టెండర్ ఆపడానికి ఈ వణుకు చాలు. ఇంకేం కావాలి?

కావాలి. నిజం చెప్పుకోవాలంటే కర్నల్ ఆజ్ఞ ఒక వంక. చూడాలని ఉంది. తను అంత ఇష్టపడ్డ పెట్టె, వందసార్లు తన ముందు బుద్ధిగా నటించిన పెట్టె, అసలు పని చేస్తుంటే కళ్లారా చూడాలి. మోసపోయినవాడి కక్ష ఇది. ఆ కక్ష తీరాలంటే ఎవడో ఒకడు మాడాలి. ఇన్నేళ్లూ దీన్ని ఓపిక అనుకున్నాడు, క్రమశిక్షణ అనుకున్నాడు. పై అధికారులు మెచ్చుకుని మెడల్ కూడా ఇచ్చారు.

"తీగని నేలకి కలిపి ఎర్త్ చెయ్యవా?" అడిగాడు మెలిస్.

"ఎందుకు?" కుబాత్ కోటు జేబు మీద చరిచాడు. గలగలమంది. "స్విచ్చి నా చేత్తో దింపా. తాళం నా చేత్తో ఏశా. చెవి నా జేబులో ఉంది. ఇంక కరెంటు ఎట్టా వస్తది, ఆకాశం నించి ఊడిపడుద్దా?"

ఈ లోయలో లైన్‌మన్లందరి నమ్మకమూ అంతే. చెవి జేబులో ఉంటే లైను చచ్చినట్టే. చెవి అవసరం లేకుండా కరెంటు వెనక నుంచి, బడి కప్పు మీది సోలార్ పలకల నుంచి వస్తుందని వాళ్లకెవరు చెప్పారు?

"నీకు చలేస్తే జీపులో కూచో బైకే. ఆ నక్కకాలరమ్మ పక్కన. నీకేసే చూస్తంది, చాన్నాళ్లుగా ఏదో మాట దాచుకున్నట్టు."

కుబాత్ నడుం బెల్టు స్తంభం చుట్టూ తిప్పాడు. ఇనప గోరు స్తంభం కర్రలో దిగింది. ఒక అడుగు. రెండో అడుగు. జీపు అద్దం దిగింది. హాల్డర్ ఫోన్ యాంటెన్నా పైకి లాగాడు. చొల్పోన్ తల తిప్పుకుంది.

మూడో అడుగు. మెలిస్ లెక్కపెడుతున్నాడు. ఎనిమిదో అడుగు దగ్గర చెయ్యి తీగకి అందుతుంది. నాలుగు. ఇంకా టైముంది. ఇంకా కాసేపు చూడొచ్చు.

"శభాష్," అన్నాడు కర్నల్ చెవిలో. "అట్టాగే ఉండు."

ఆ శభాష్ వినగానే మెలిస్ లెక్కపెట్టడం మానేశాడు.

కుబాత్ ఐదో అడుగుకి కాలెత్తాడు. మెలిస్ మునివేళ్ల మీద లేచి, రెండు చేతులూ చాచి, ఆ కాలి బూటుని మడమ దగ్గర గట్టిగా పట్టుకున్నాడు.

"వదులెహె! పిచ్చా నీకు? పడతా!"

చెవిలో కర్నల్ బూతులు మొదలెట్టాడు. పైనుంచి కుబాత్ అంతకన్నా ముతకవి అందుకున్నాడు. అవతల హాల్డర్ యాంటెన్నా లోపలికి తోసి అద్దమెక్కించాడు. మెలిస్ బూటు వదల్లేదు. ఇరవై మూడేళ్ల సర్వీసులో ఎవరూ చెప్పకుండా అతను చేసిన మొదటి పని అది. ఇద్దరు ఒకేసారి తిట్టడమూ అదే మొదలు.