తెర మీద ఎడమచేయి

వీధిలో సాగదీసిన పడుగును దాటిన మనిషిని ధర్మవరంలో ఎవరూ ఊరికే వదలరు. ఆ పడుగు కదిరప్పది అయి, దాని పక్కన కాపలాకు అతని కూతురు గంగాదేవి నిలబడి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

ఆ మనిషి తెల్ల ప్యాంటు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో చిన్న ట్రంకుపెట్టెతో వచ్చాడు. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా పట్టుదారాలు పొద్దుటి ఎండలో మెరుస్తున్నాయి. చుట్టూ తిరిగి పోవడానికి బద్ధకించాడో, తెలియకనో, కాలెత్తి అవతలికి వేశాడు.

"ఏమయ్యా, కండ్లు యాడ పెట్టుకోని నడుస్తాండావు? పడుగు దాటకూడదని మీ ఇంట్లో చెప్పలేదా?" అంది గంగాదేవి.

అతను కంగారుపడ్డాడు. తప్పు దిద్దుకుందామని మళ్ళీ కాలెత్తి వెనక్కి దాటాడు.

"ఇప్పుడు రెండుసార్లు దాటినట్లయింది" అందామె. కోపంగానే అంది గానీ, పెట్టె గుండెకు హత్తుకుని బడిపిల్లాడిలా నిలబడ్డ ఆ ఆరడుగుల మనిషిని చూసి నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కోవలసి వచ్చింది.

ఇంతలో అవ్వ కుళ్ళాయమ్మ గుమ్మంలోకి వచ్చింది. అతన్ని కిందికీ మీదికీ చూసి, రెండు చేతులతో చెవుల కమ్మలు మూసుకుంది.

"వీడు దొంగ. పోయిన ఏడు టెంటు హాల్లో చూసినాను. నా అట్లాంటి ముసిల్దాని మెడలో గొలుసు తెంపుకోని పోయినాడు."

"అవ్వా, అది గిల్టు గొలుసు" అన్నాడతను వినయంగా. అవ్వ మాత్రం చేతులు తియ్యలేదు.

అతని పేరు తిప్పేస్వామి. వాళ్ళ నాయన పెనుకొండ స్టేషన్‌లో పాయింట్స్‌మన్. తాత కాలంలో వాళ్ళదీ మగ్గమున్న ఇల్లే. కరువులో అది అమ్ముడుపోయాక ఇంట్లో ఎవరికీ నేత రాలేదు. ఇతను మాత్రం మద్రాసు రైలెక్కి సినిమాల్లో చేరాడు.

సినిమాల్లో అంటే హీరో అనుకునేరు. ఐదేళ్ళలో తొమ్మిది సినిమాలు, తొమ్మిది వేషాలు. ఒకదానిలో సెల్యూట్ కొట్టే కానిస్టేబులు, ఒకదానిలో కొమ్ములున్న యమభటుడు, మరోదానిలో పీటల మీది నుంచి లేచి పారిపోయే పెళ్ళికొడుకు. గుడ్డి బిచ్చగాడుగా చేసినప్పుడు మద్రాసు వీధుల్లో వారం రోజులు కళ్ళకు గుడ్డ కట్టుకుని నడిచాడు. ఒక సినిమాలో మొదటి రీలులోనే చచ్చిపోయి, తెల్లగుడ్డ కింద ఊపిరి బిగబట్టి పడుకున్నాడు. ఆ గుడ్డ ఒక్కసారి కూడా కదల్లేదని చెప్పేటప్పుడు అతని ముఖం చూడాలి. హీరోలకు కూడా అంత గర్వం ఉండదు.

పదో సినిమాలో మొట్టమొదటిసారి అతని పాత్రకు ఒక పేరు పెట్టారు. కథానాయకుడికి అన్న, మగ్గం నేసేవాడు. మగ్గంలో కూర్చుని చేతులాడిస్తే చాలు, దూరం నుంచి తీస్తామని డైరెక్టర్ చెప్పాడట. ఇతనికి అది నచ్చలేదు. మద్రాసు కంపెనీలకు చీరలు పంపే ఆదినారాయణ శెట్టి చేత కదిరప్పకు ఉత్తరం రాయించుకుని, షూటింగుకు ఇంకా నెల ఉందనగా ధర్మవరం వచ్చి పడ్డాడు.

"దూరం నుంచి తీస్తారంటాండావు. ఇంక నేర్చుకునేదెందుకప్పా?" అని కదిరప్ప అడిగాడు.

"మద్రాసులో ఎవురికీ తెలీదు, నిజమే. ధర్మవరంలో మీరు చూస్తారు కదా. అదే నా భయం."

కదిరప్పకు ఆ మాట నచ్చింది. నచ్చిందని ముఖంలో కనపడనిచ్చే మనిషి కాదు గనక, రేపు పొద్దున చెప్పులు బయట విడిచి రమ్మని మాత్రం అన్నాడు.

రోజూ పొద్దుటి రైలుకు పెనుకొండ నుంచి వచ్చి, సాయంత్రం రైలుకు పోయేవాడు తిప్పేస్వామి. మొదటి వారమంతా కాళ్ళు ఒక దారి, చేతులు ఒక దారి. అతను పేక పోగు నడిపే నాడె విసిరితే అది పడుగులో నుంచి దూకి అవ్వ ఒళ్ళో పడేది. అవ్వ దాన్ని తిరిగి ఇచ్చేది గానీ, ఇచ్చేటప్పుడు రెండో చెయ్యి కమ్మ మీదే ఉండేది.

గంగాదేవికి రోజూ ఒక ఆట. అతను గుమ్మంలో అడుగు పెట్టగానే, ఈ పొద్దు ఎవరొచ్చారని అడిగేది. అతను సెల్యూట్ కొట్టేవాడు, లేకపోతే యమభటుడిలా గుడ్లు ఉరిమి చూసేవాడు. ఒకరోజు వానలో తడిసి వచ్చి, గుడ్డివాడిలా గోడ తడుముకుంటూ మగ్గం గుంట దాకా పోయి, తిన్నగా అందులో దిగి కూర్చున్నాడు. ఆమె పగలబడి నవ్వింది. లోపల నుంచి నాయన దగ్గాడు.

తెగిన పోగు అతకడం ఆ ఇంట్లో ఆడవాళ్ళ పని. అది నేర్పే వంతు గంగాదేవికి వచ్చింది. రెండు కొసలు కలిపి, వేలికి కాస్త బూడిద అద్దుకుని, ఒక్క మెలిక తిప్పి ముడి బిగించాలి. చీరలో ఆ ముడి కంటికి కనపడకూడదు. ఆమె కట్టి చూపింది. పోగు జారిపోయింది. మళ్ళీ కట్టింది. మళ్ళీ జారింది. చెవులు ఎర్రబడ్డాయి.

అతను ముడి చూడ్డం మానేసి ఆమె చేతులు చూశాడు.

"ఒక చెయ్యి కొంగులో పెట్టుకోని కడతాండారు. ఎందుకు?"

గంగాదేవి కొంగును ఇంకాస్త బిగించి చుట్టుకుంది. ఆమెది ఎడమచేతివాటం. చిన్నప్పటి నుంచి 'ఆ చెయ్యి దాచుకో' అన్న మాట పడని రోజు లేదు. మడకశిర నుంచి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు, ఆమె మగ్గం దగ్గర ఎడమచేత్తో పోగు అతుకుతుంటే చూసి, కాఫీ తాగి మర్యాదగా వెళ్ళిపోయారు. అప్పటి నుంచి బయటివాళ్ళు వస్తే ఆ చెయ్యి కొంగులోకి పోయేది.

"నేను చేతులు చూసే బతుకుతాండా. కానిస్టేబులు చెయ్యి వేరు, బిచ్చగాని చెయ్యి వేరు. అబద్ధం ఆడే చెయ్యి నాకు తెలుస్తాది. మీ కుడిచెయ్యి అబద్ధం ఆడతాండాది" అన్నాడు తిప్పేస్వామి.

ఇట్లాంటి మాట ఆమెతో ఇంతవరకు ఎవరూ అనలేదు. నెమ్మదిగా కొంగులోంచి ఎడమచెయ్యి తీసింది. బొటనవేలు ఒక్కసారి తిరిగింది, అంతే. పోగు ఎక్కడ తెగిందో, ఎక్కడ కలిసిందో తెలియలేదు.

అతను ఆ పోగును వేలితో నిమిరి ముడి కోసం వెతికాడు. తరువాత తన కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడమచేత్తో మొదలుపెట్టాడు. ముడి పడడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజుల్లో ఇంకేం ముడిపడిందో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ చెప్పుకోలేదు.

నెల చివర గంగాదేవి అతన్ని ఒక్క మాట అడిగింది. తెర మీద మాత్రం కుడిచేత్తో కట్టాలని. ధర్మవరంలో ఎడమచేత్తో ముడి కట్టేది తానొక్కతే. ఊరంతా నవ్వుతుంది, నాయన తల ఎత్తుకోలేడు. అతను సరే అనలేదు, కుదరదనీ అనలేదు. ట్రంకుపెట్టె పట్టుకుని నేరుగా కదిరప్ప ముందుకు పోయి నిలబడి, మీ అమ్మాయిని చేసుకుంటానని అడిగేశాడు.

కదిరప్ప నాడె పక్కన పెట్టాడు.

"ఏమప్పా, నీకు తొమ్మిది ముఖాలుండాయి. నా బిడ్డ ఏ ముఖానికి వండిపెట్టల్ల?"

తిప్పేస్వామి ట్రంకుపెట్టెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. కదిరప్పే మళ్ళీ అన్నాడు. "నీ సినిమా వస్తే మా వీధంతా పోయి చూస్తాము. మగ్గం మీద నువ్వు చేసింది నిజమైతే మాట్లాడుకుందాము. ఉత్త వేషమైతే ఈ వీధికి రావద్దు."

ఆరు నెలలకు తిప్పేస్వామి దగ్గర నుంచి ఒక కార్డు వచ్చింది. సినిమా హిందూపురంలో ఆడుతోంది. తాను హాలుకు రాడట. ఆదివారం మ్యాటినీ చూసి వాళ్ళు తిరిగివచ్చే రైలు పెనుకొండలో ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీద ఉంటాడట. 'నేను సరిగా చెయ్యలేదనిపిస్తే కిటికీ మూసుకోండి, నాకు అర్థమవుతుంది' అని కింద రాశాడు. గంగాదేవి ఆ కార్డును నాయన చదివి పెట్టిన చోటి నుంచి మూడుసార్లు తీసి చదివింది.

ఆదివారం కదిరప్ప వీధిలో ఒక్క మగ్గం కూడా మోగలేదు. ముప్ఫై మంది నేతగాళ్ళు, ఆడవాళ్ళు, అందరికంటే ముందు అవ్వ, రైలెక్కి హిందూపురం పోయారు. రైలు పెట్టెలో కిటికీ చెక్క నిలవకుండా దబదబా కిందికి జారుతుంటే గంగాదేవికి అదే అపశకునంగా తోచింది.

హాలులో సగం సినిమా అయ్యాక ఆ ఘట్టం వచ్చింది. తమ్ముడు ఇల్లు వదిలి పోయిన మరునాడు అన్న మగ్గంలో కూర్చుంటాడు. మాట లేదు, పాట లేదు. నాడె ఇటు, అటు. కాళ్ళూ చేతులూ ఒకే లయలో కదులుతున్నాయి. నేతగాళ్ళు తలలూపారు. అంతలో పోగు తెగింది. దూరం నుంచి తీస్తామన్నవాళ్ళు దగ్గరికి వచ్చేసినట్టున్నారు, తెర నిండా రెండు చేతులు.

కుడిచెయ్యి కొస పట్టుకుంది. ఎడమచెయ్యి బూడిద అద్దుకుంది.

గంగాదేవి కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఎడమ బొటనవేలు తిరిగింది, ఆమె తిప్పినట్టే, అదే విసురుతో. సిగ్గుతో ఆమె ఒళ్ళంతా కుంచించుకుపోయింది. ముందు వరసలో ఎవరో నవ్వారు. 'ఎడంచెయ్యి, ఎడంచెయ్యి' అని వరసలన్నీ గుసగుసలాడాయి. పక్కింటి గంగప్ప వెనక్కి తిరిగి, "అంతా బాగా చేసి ఈడ తప్పు చేసినాడు. నువ్వు నేర్పించింది ఇదేనా కదిరప్పా?" అన్నాడు.

కదిరప్ప లేచి నిలబడ్డాడు. అతని నీడ తెర మీద పడింది. వెనక నుంచి కూర్చోమని కేకలు వేస్తున్నా అతను కూర్చోలేదు.

"తప్పు కాదు గంగప్పా. అది నా బిడ్డ ముడి. పదేండ్లుగా నా మగ్గంలో తెగిన ప్రతి పోగూ ఆ ఎడంచేత్తోనే అతికింది. నా చీరల్లో యాడన్నా ముడి కనపడిందా, ఎవురన్నా చెప్పండి."

చెప్పడానికి ఏమీ లేదు మరి, ఆ వీధిలో కదిరప్ప చీర అంత నున్నటి చీర ఇంకొకటి లేదు. గంగప్ప తెర వైపు తిరిగి కూర్చున్నాడు. నీడ పక్కకు తొలగింది. తెర మీద ఆ చేతులు ఇంకా అక్కడే ఉన్నాయి, అంత పెద్దవి, అంత తీరైనవి. తాను ఇన్నేళ్ళూ కొంగులో దాచుకున్నది ఇదా అనిపించింది గంగాదేవికి. గర్వంతో ఏడుపొచ్చింది. పక్కన అవ్వ అప్పటికే ఏడుస్తోంది, దొంగ అన్న సంగతి మరిచిపోయి.

తిరుగు రైల్లో కదిరప్ప కిటికీ పక్కన కూర్చున్నాడు. హాలులో అందరి ముందు అన్నది కూతురి గురించి. తిప్పేస్వామి గురించి కాదు. గంగాదేవికి ఆ తేడా తెలుసు. పెనుకొండ కొండ కనిపించగానే నాయన చెయ్యి కిటికీ మీదికి పోయింది. ఆ చెయ్యి చెక్కను కిందికి దించలేదు. ఈ రైల్లోనూ జారిపోతున్నదాన్ని పైకెత్తి, రైలు ఆగేదాకా అట్లాగే పట్టుకుని ఉంది.

తిప్పేస్వామి ప్లాట్‌ఫారం చివర నిలబడి ఉన్నాడు. తెరిచిన కిటికీ చూసి కూడా నమ్మనివాడిలా మెల్లగా వచ్చాడు.

"ఆ యమ్మి కుడిచేత్తో కట్టమని చెప్పిందంట, ఇప్పుడే రైలెక్కినాక అవ్వ చెవిలో చెప్తాంటే విన్నాను. ఎందుకు కట్టలేదు?" అని కదిరప్ప అడిగాడు.

"కుడిచేత్తో కట్టింటే అది వేషమయ్యేది. మీరు వేషమైతే రావద్దన్నారు కదా."

కదిరప్ప చెక్కను ఇంకాస్త పైకెత్తాడు. "ఎక్కప్పా. రైలు నీకోసం ఆగదు."

"ఏ ముఖంతో ఎక్కల్ల మామా?"

"ముఖం ఏదైనా తెచ్చుకో. ఆ చేతులు తెచ్చుకుంటే చాలు."

అతను పరుగెత్తి ఎక్కాడు. అవ్వ జరిగి చోటిచ్చింది. కాసేపు అతన్ని చూసి, రైలు కుదుపులకు చెవులు లాగుతున్నాయని కమ్మలు రెండూ తీసి, గుడ్డలో మూటకట్టి, "ధర్మవరం దాకా పట్టుకో నాయనా" అని అతని చేతిలో పెట్టింది.

పెట్టె అంతా నవ్వింది. గంగాదేవి ఒళ్ళో వేరుశెనక్కాయల పొట్లం ఉంది. గుప్పెడు తీసి అతనికి ఇవ్వబోయింది, ఎడమచేత్తో. అలవాటు కొద్దీ ఆగి నాయన వైపు చూసింది. కదిరప్ప కిటికీ చెక్కను పట్టుకునే ఉన్నాడు.

"ఇయ్యి" అన్నాడు. "ఆ చేత్తోనే ఇయ్యి."