పిలుపుకి ముందే వణికినవి

పళ్లెం మీది వలమూత తీసి సుక్రి ఊపిరి బిగబట్టింది. సాయంత్రపు ఏరుడు ఊపిరి తగలకుండా సాగాలి. మనిషి వెచ్చదనానికి మంచుచిమ్మటలు వేళకాని వేళ లేస్తాయి. బూడిదరంగు రెక్కలు ముడుచుకుని చాలామటుకు రాళ్లలా పడున్నాయి. అవి మంచివి. పిలుపుదీపం వెలిగేదాకా కదలవు. అది చూపిన చేలల్లోనే పూలన్నీ తిరిగి, అది ఆరేసరికి తమని పెంచే ఈ చలిమేడకి వచ్చేస్తాయి. అక్కడక్కడ కొన్ని మాత్రం దీపం లేకుండానే రెక్కలు వణికించి ఒళ్లు కాచుకుంటున్నాయి. ఉత్తరాది మంచుకొండల్లో వాటి తాతలు ఎగిరేముందు చేసిన పనే అది. దీపం మాట వినవు కాబట్టి ఇక్కడ దాని పేరు తెగులు. అలాంటివాటిని ఏరి, చంపడానికి ఆవిరిగొట్టంలో వెయ్యాలి.

సుక్రి చేతిలో పటకారు ఆగింది.

"ఏటాలోచన?" అన్నాడు వెనక నుంచి మేడ అధికారి శేషగిరి. "పెళ్లిచూపులకొచ్చావా? కానీ."

"మా గెడ్డవలసకి ఈ యేడూ చిమ్మటల్ని వదలరా బాబూ?"

"మీ సొంత విత్తనం మా విత్తన కేంద్రానికి అప్పగించమన్నాం కదా. మీవోళ్లకి రోషమెక్కువ. ఆ రోషాన్నే గానుగాడించుకోమను."

తేనెటీగలు పోయాక కొండమీద పూతకి ఈ చిమ్మటలే దిక్కు. కిందటేడు గెడ్డవలసలో నూనెగింజల వలిసెలు పసుప్పచ్చగా విరగబూశాయి. చిమ్మటలు రాక, నూరిస్తే ఒట్టి పొట్టు. ఎండు ఆనపకాయ బుర్రలో దాచిన ఆఖరి విత్తనాలు ఈ యేడు అమ్మ చల్లింది. చేను పూతమీదుంది. ఇదీ తాలుపోతే ఆ విత్తనం ఇక లేనట్టే. కేంద్రం ఇచ్చిందే వెయ్యాలి, కేంద్రం చెప్పినట్టే బతకాలి.

"పువ్వు కాయవడానికీ మీ సెలవు కావాలేటి?"

"కావాలి," అని నవ్వాడు శేషగిరి. "గొట్టం తెరిచే ఉంది. వెయ్యి."

సుక్రి పటకారు నేలకేసి కొట్టింది. పళ్లేన్ని రెండు చేతులా ఎత్తి, గెడ్డవలస వైపు తలుపు గడియని మోచేత్తో తోసింది. కొండగాలి లోపలికి దూకింది. వణుకుతున్నవి లేచిపోయాయి.

"ఒసే, మతిపోయిందా!"

రాళ్లలా పడున్నవి ఆ వణుకు తగిలి కదిలాయి. తర్వాత పక్క పళ్లెం. ఆపైన అరలన్నీ. సుక్రి చేతిలో పళ్లెం దించి, మూతలు లాగి పారేస్తూ నడిచింది. చలిమేడంతా తిరగలి తిరిగినట్టు గుయ్యిమంది.

శేషగిరి పరుగెత్తి పిలుపుదీపం వెలిగించాడు. నీలివెలుగు కేంద్రం చేల మీద పడింది. ఇంకా పెంచాడు. ఒక్క చిమ్మటా అటు తిరగలేదు. అన్నీ వలిసెపూత వాసన పట్టి గెడ్డవలస లోయలోకి దిగిపోతున్నాయి.

"తలుపు ముయ్యవే!"

సుక్రి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"దీపం ఆర్పెయ్ బాబూ," అంది. "కరెంటు దండగ."