చెప్పొద్దని చెప్పానా లేదా

బస్సు పళ్ళికొండ దాటకముందే అవ్వ మాట తప్పింది.

గుడియాత్తంలో బస్సెక్కేటప్పుడు సింధుజ ఆమె చేత ఒట్టు వేయించుకుంది. తన తల మీద చెయ్యి పెట్టించి మరీ వేయించుకుంది.

"అవ్వా, ఈసారి మొసలి కత ఎవరికీ చెప్పకూడదు. బస్సులో చెప్పకూడదు. కోటలో చెప్పకూడదు. ఎవరన్నా అడిగినా చెప్పకూడదు."

"చెప్పను తల్లీ. నీ మీద ఒట్టు," అంది పంకజం అవ్వ.

అరగంట కూడా కాలేదు. పక్క సీటులో పూలు కట్టుకుంటున్న ఒకావిడ "పిల్లలకి లీవా?" అని అడిగింది. అడిగింది అంతే. అవ్వ తమిళంలో మొదలుపెట్టి, మధ్యలో తెలుగులోకి వచ్చి, మళ్ళీ తమిళంలోకి పోయి, కథంతా చెప్పేసింది. సింధుజకి రెండు భాషలూ బాగా వచ్చు. అందుకని రెండుసార్లు ఒళ్ళు మండింది.

ఆ కథ ఇది. మీకు నేను చెప్తున్నందుకు సింధుజ నా మీద కూడా కోప్పడుతుంది. కానీ చెప్పకపోతే మీకు అర్థం కాదు.

సింధుజకి నాలుగేళ్ళప్పుడు అందరూ వేలూరు కోట చూడ్డానికి వెళ్ళారు. కోట చుట్టూ ఉన్న కందకంలో ఒకప్పుడు మొసళ్ళు ఉండేవని ఎవరో చెప్పారు. నీళ్ళలో నల్లగా ఏదో తేలుతూ కనబడింది. సింధుజ తన కొత్త చెప్పు తీసి దాని మీదికి విసిరి, "ఇది తిను! మా తాతను తినద్దు!" అని అరిచింది. అది మొసలి కాదు, కొబ్బరి మట్ట. చెప్పు మునిగిపోయింది. అప్పాసామి తాత మనవరాల్ని భుజాన వేసుకుని బస్టాండు దాకా మోశాడు.

ఇంతే. దీన్ని ఆరేళ్ళుగా చెప్తున్నారు! పెళ్ళిళ్ళలో చెప్తారు. షేర్ ఆటో డ్రైవర్లకు చెప్తారు. పోయిన నెల పాలు పోసే ఆయనకు కూడా చెప్పారు. ఇప్పుడు సింధుజకి పదేళ్ళు. అయిదో క్లాసు పరీక్షలు రాసేసింది. పదేళ్ళ మనిషికి పరువు ఉండదా, మీరే చెప్పండి!

పూలావిడ పడీపడీ నవ్వింది. కండక్టరు నవ్వాడు. వెనక సీటులోంచి అవ్వ కొడుకు దినకర్ మామ తల ముందుకు పెట్టి, "ఆ చెప్పు తిని మొసలికి వారం రోజులు కడుపునొప్పంట!" అన్నాడు. ఇది కొత్తగా కలిపిన ముక్క. ప్రతిసారీ ఏదో ఒకటి కలుపుతాడు.

"చెప్పొద్దని చెప్పినానా లేదా?" అని సింధుజ గట్టిగా అరిచింది.

"నవ్వితే ఏమవుతాదే? ముద్దుగా ఉండబట్టి గదా చెప్పేది," అంది వాళ్ళమ్మ ఇంద్రాణి.

ముద్దంట! సింధుజ పళ్ళు కొరుక్కుంది. మూతి ముడుచుకుని అటు తిరిగి కూర్చుంది.

బస్సులో నవ్వనివాడు ఒక్కడే. దినకర్ మామ కొడుకు ప్రభు. వాడికి తొమ్మిదేళ్ళు. వాళ్ళుండేది వేలూరులోనే. సెలవులివ్వగానే గుడియాత్తం వచ్చి, వారం రోజులు అవ్వ దగ్గర ఉన్నాడు. ఇవ్వాళ అందరూ కోట చూశాక, వాళ్ళ నాన్నతో ఇంటికి వెళ్ళిపోతాడు.

"సింధూ, కిటికీ కాడ కూర్చుంటావా?" అని ప్రభు లేచి తన సీటు ఇచ్చాడు. సింధుజకి వాడు మంచివాడనిపించింది. మిగతావాళ్ళంతా చెడ్డవాళ్ళే అనిపించింది.

వాడు అవ్వ దగ్గరున్న ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇంట్లో ఉక్కపోత. పెద్దవాళ్ళందరూ వాకిట్లో కూర్చుని విసురుకుంటున్నారు. అప్పుడు ప్రభు తన బ్యాగులోంచి ఒక గుడ్డ ముక్క తీసి సింధుజకి చూపించాడు. నీలం రంగు మీద ఆకుపచ్చ గళ్ళు. జానెడు వెడల్పు ఉంది.

తాత యాభై ఏళ్ళు మగ్గం మీద లుంగీలు నేశాడు. పోయిన వానాకాలం చనిపోయాడు. అప్పుడు మగ్గం మీద సగం నేసిన లుంగీ ఉండిపోయింది. దాన్ని కోసినప్పుడు అంచున మిగిలిన ముక్కను ప్రభు ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు.

"దిండు కింద పెట్టుకుంటా. వాసన చూస్తే తాత పక్కనే ఉన్నట్టుంటాది. అప్పుడే నిద్రొస్తాది," అన్నాడు ప్రభు. "ఎవరికీ చెప్పద్దు సింధూ. మా క్లాసోళ్ళకి తెలిస్తే నన్ను బతకనీరు."

"ఛీ, నేనెందుకు చెప్తా?" అంది సింధుజ.

కోటలో ఎండ మాడ్చేస్తోంది. వేలూరు ఎండ గురించి వేలూరువాళ్ళే తిట్టుకుంటారు, ఇక మన సంగతి చెప్పేదేముంది. ఒక చెట్టు నీడ చూసుకుని దుప్పటి పరిచారు. అవ్వ పులిహోర డబ్బా, పెరుగన్నం గిన్నె తెరిచింది. పక్క చెట్టు కింద ఇంకో కుటుంబం తింటోంది. వాళ్ళూ తెలుగువాళ్ళే. రెండు నిమిషాల్లో మాటలు కలిశాయి. మూడో నిమిషంలో దినకర్ మామ చెయ్యెత్తి కందకం వైపు చూపించాడు.

"అదిగో, ఆ కంచె కనబడతా ఉండాదే, ఆడనే! మా మేనకోడలు ఒకసారి ఏం చేసిందో తెల్సునా..."

"మామా!" అంది సింధుజ.

మామ ఆగలేదు. ఈసారి మొసలి రెండో చెప్పు కూడా అడిగింది. పక్క చెట్టు కింద పిల్లలు సింధుజ కాళ్ళ వైపు చూసి కిచకిచ నవ్వారు. అమ్మ నవ్వింది. అవ్వ కూడా నవ్వింది. సింధుజకి చెవుల్లోంచి ఆవిర్లు వచ్చినట్టయింది. అందరూ తనను చూడ్డం మానేసి, ఇంకెవర్నయినా చూస్తే చాలనిపించింది. ఎవర్నయినా సరే.

"నన్నే నవ్వతారేం?" అని లేచి నిలబడింది. "ప్రభు దిండు కింద తాత లుంగీ ముక్క పెట్టుకుంటాడు! వాసన చూడకపోతే నిద్రే పోడు! దానికి నవ్వండి!"

దినకర్ మామ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏందిరా నాయనా! లుంగీ వాసన చూస్తే గాని నిద్ర రాదా? నాలుగో క్లాసు పోతా ఉండాడు అనుకుంటి, ఊయల కట్టాల్సిన బిడ్డనా నువ్వు!"

పక్క చెట్టు వాళ్ళు నవ్వారు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మొసలిని అందరూ మరిచిపోయారు. సింధుజ హమ్మయ్య అనుకుని కూర్చుని, ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

అప్పుడు ప్రభును చూసింది.

వాడు చేతిలో ముద్దను మళ్ళీ ఆకులో పెట్టేశాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి. నవ్వుతున్న వాళ్ళ నాన్న వైపు చూడలేదు. సింధుజ వైపే చూశాడు.

"చెప్పనన్నావు గదా," అన్నాడు. లేచి చెయ్యి కడుక్కుని, కందకం కంచె దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

"ఏ రంగు ముక్క?" అని అవ్వ అడిగింది. ఆమె ఈసారి నవ్వలేదు.

"నీలం. ఆకుపచ్చ గళ్ళు."

"మగ్గం కోసం ఆ నూలు కండెలకి చుట్టింది నేనే," అంది అవ్వ. డబ్బా మూత పెట్టింది.

ఇదంతా అవ్వ వల్లే అనుకుంది సింధుజ, ఒట్టు తప్పింది గదా! కాదు, మామ వల్ల. కాదు, ముద్దు అన్నందుకు అమ్మ వల్ల. అందర్నీ వరసగా తిట్టుకుంది. ఎంత తిట్టుకున్నా ప్రభు చెవులే కళ్ళ ముందు కనబడుతున్నాయి. మామ సంగతి ఎట్లా ఉన్నా, లుంగీ సంగతి చెప్పింది మామ కాదు. తను.

లేచి కంచె దగ్గరికి వెళ్ళింది.

"రేయ్ ప్రభూ. కోపంలో వచ్చేసిందిరా."

ప్రభు గిరుక్కున తిరిగాడు. వాడికి అంత కోపం రావడం సింధుజ ఎప్పుడూ చూడలేదు.

"నీకు కోపమొస్తే నా సంగతి చెప్తావా? నేను నవ్వినానా? బస్సులో నవ్వినానా?"

"లేదు."

"ఈడ నవ్వినానా?"

"లేదు."

"మరి? నవ్వినోళ్ళని వదిలేసి నన్ను పట్టించినావే! నువ్వు గూడా వాళ్ళ మాదిరే."

పొద్దున్నుంచీ సింధుజ ఎవరెవర్ని తిట్టుకుందో, ఆ వరసలో వాడు తననూ నిలబెట్టేశాడు.

"తప్పయిపోయింది," అంది.

"పో," అన్నాడు ప్రభు.

నాలుగింటికి అందరూ కోట గేటు బయటికి వచ్చారు. ఒక బండి దగ్గర తాటికాయలు కొట్టి నుంగులు అమ్ముతున్నారు. మన ముంజలే, అక్కడ నుంగులంటారు. దినకర్ మామ అందరికీ ఆకుల్లో పెట్టించాడు. ప్రభు అవ్వ పక్కన నిలబడి తల వంచుకుని తింటున్నాడు.

"ఏమప్పా దినకర్! ఫ్యామిలీతో వచ్చినట్టుండాది!" అని ఒకాయన స్కూటరు ఆపాడు. ఆయన పేరు రాజమాణిక్యం, మామ స్నేహితుడు. వెనక నుంచి ఒక పిల్లవాడు దూకాడు. వాణ్ణి చూడగానే ప్రభు అవ్వ వెనక్కి జరిగాడు.

"శక్తివేల్," అన్నాడు అవ్వతో మెల్లగా. "మా క్లాసే."

సింధుజకి ఆ మాట వినబడింది.

"మీవాడేంది, మొహం మాడ్చుకుని ఉండాడు?" అని రాజమాణిక్యం అడిగాడు.

"అదొక పెద్ద కత," అన్నాడు దినకర్ మామ. చెయ్యి పైకెత్తాడు. "మావాడు ఉండాడే, రాత్రి పడుకునేటప్పుడు..."

శక్తివేల్ చెవులు నిక్కబొడుచుకుని దగ్గరికి వచ్చాడు. రేపు స్కూలు తెరిచాక వీడు ఎవరెవరికి చెప్తాడో సింధుజకి తెలుసు. ఎట్లా చెప్తాడో కూడా తెలుసు. ఏదో ఒకటి కలిపి చెప్తాడు.

"మామా! ఆపు!"

ఆ అరుపుకి నుంగులు కొట్టే ఆయన కూడా తలెత్తాడు.

"ఏందే? నీ మొసలి కత కాదులే," అన్నాడు మామ నవ్వుతూ.

"నాది కాకపోయినా చెప్పద్దు! అది ప్రభుది. వాణ్ణి అడిగినావా? నేను అడక్కుండా చెప్పేసినా. తప్పు చేసినా. నువ్వు గూడా చేయద్దు!"

"సింధూ! పెద్దోళ్ళతో ఏం మాటలే అవి!" అని అమ్మ చెయ్యి పట్టి లాగింది.

సింధుజ కదల్లేదు. మోకాళ్ళు గడగడలాడుతున్నాయి. పొద్దున్నుంచీ వచ్చిన కోపాలన్నీ తన కోసమే వచ్చాయి. ఇది మాత్రం వాడి కోసం వచ్చింది. భయం వేస్తున్నా అది తగ్గలేదు.

"ఏం కత? చెప్పండి అంకుల్," అన్నాడు శక్తివేల్.

"కతా లేదు, గితా లేదు. నుంగు తింటావా?" అని సింధుజ తన ఆకు వాడి చేతిలో పెట్టేసింది.

దినకర్ మామ ఏదో అనబోయి కొడుకు వైపు చూశాడు. ప్రభు అవ్వ కొంగు పట్టుకుని, ఊపిరి కూడా తీసుకోకుండా నిలబడి ఉన్నాడు. మామ ఎత్తిన చెయ్యి దించేశాడు.

"ఏం లేదప్పా రాజమాణిక్యం. ఎండ జాస్తి గదా, పిల్లోడు అలిసిపోయినాడు," అన్నాడు. "నువ్వు గూడా నుంగు తిని పో."

వాళ్ళు వెళ్ళిపోయాక మామ ప్రభు తల మీద చెయ్యి వేశాడు. ప్రభు ఆ చెయ్యి తోసేశాడు. మామ కోప్పడలేదు. "ఆ ముక్క జాగ్రత్తగా పెట్టుకోరా," అన్నాడు. అవ్వ సింధుజ వైపు చూసి, "నేను గూడా నిన్ను అడగలేదు గదమ్మా," అంది.

బస్టాండులో బెంచీ మీద ప్రభు ఒక్కడే కూర్చున్నాడు. సింధుజ కాస్త దూరంగా నిలబడింది. గుడియాత్తం బస్సు ఇంకా రాలేదు. ప్రభు ఆమె వైపు చూడకుండానే పక్కకు జరిగాడు. సింధుజ వెళ్ళి కూర్చుంది.

"నువ్వు మా నాయన మీద అరిచినప్పుడు నీ మోకాళ్ళు వణికినాయి," అన్నాడు ప్రభు. "నేను చూసినా."

సింధుజ మొహం వేడెక్కింది.

"అందరికీ చెప్తావా?"

"నువ్వు చెప్పమంటేనే," అన్నాడు ప్రభు.