ఎదురు కుర్చీకి పంచిన ముక్కలు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది పేకాట క్లబ్బులో బల్లలు తుడిచే ఆవిడ. క్లబ్బు సెక్రటరీ ఇంకోలా చెబుతాడు. ఆయన మాట నాకక్కర్లేదు. ఆ సాయంత్రం ఆయన అక్కడ లేడు. ఆవిడ ఉంది.

ఆ క్లబ్బులో పోకర్ ఆడేవాళ్ళలో లెక్కలాయన అని ఒకడుండేవాడు. బస్సు డిపోలో ఏ బస్సు ఎప్పుడు కదలాలో టైములు వేసే గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. తన చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా పరిచిన ఐదు ముక్కలు చూసి, ఎదుటివాడి దగ్గర ఏముండటానికి ఎంత వీలుందో గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. అదృష్టం అన్న మాట వింటే ఒళ్ళు మండేది. ఎదురు కుర్చీ ఎప్పుడూ బావమరిదిది. వాడు లెక్కలు వేయడు. దగ్గు బిళ్ళ చప్పరిస్తూ, నవ్వుతూ ఆడతాడు. గెలుస్తాడు.

ఒక ఆదివారం లెక్కలాయనకు మూడు రాజులు కుదిరాయి. బల్ల మీద మాత్రం నాలుగు ఇస్పేట్లు. ఎదుటివాడి చేతిలో ఒక్క ఇస్పేటు ఉందా, ఐదూ ఒకే గుర్తువై రాజుల్ని కొట్టేస్తాయి. బావమరిది తన పందెం టోకెన్లన్నీ ముందుకు తోసేశాడు.

వాడి దగ్గర ఇస్పేటు ఉండటానికి వీలు మూడో వంతుకు కాస్త పైమాటే. లెక్క ఆటలో ఉండమంది. లెక్కలాయన మాత్రం లెక్క వదిలేసి వాడి మొహం చూశాడు. చూసి, ఎదురు పందెం కట్టకుండా రాజుల్ని పడేసి ఆట వదులుకున్నాడు.

"ఏముంది రా నీ దగ్గర?"

"చూడాలంటే కట్టాలి బావా," అంటూ వాడు తన ముక్కల్ని కుప్పలో కలిపేశాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. లెక్కలాయనకు తల తీసేసినట్టయింది. "నీదీ ఒక ఆటేనా రా. ఉత్త గుడ్డి అదృష్టం. పోయిన మీ అక్క మొహం చూసి నిన్ను నా ఎదురుగా కూర్చోనిస్తున్నాను," అన్నాడు.

బావమరిది కుర్చీ లోపలికి నెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఈయన పిలవలేదు. ఆ చలికాలమే వాడు పోయాడు.

అప్పట్నుంచి లెక్కలాయన క్లబ్బుకు రావడం మానేశాడు. భార్య లేదు, పిల్లల్లేరు. బల్లలు తుడిచే ఆవిడే సాయంత్రాలు క్యారేజీ తీసుకెళ్ళేది. ఎప్పుడెళ్ళినా బల్ల మీద అవే ఐదు ముక్కలు, ఇటువైపు అవే రాజులు. మిగిలిన పేక కలిపి ఎదురు కుర్చీకి రెండు ముక్కలు వేసేవాడు. తనే వెళ్ళి తిప్పేవాడు. మళ్ళీ కలిపేవాడు.

"ఎవరితో ఆడుతున్నారు అయ్యగారూ?"

"ఆడటం కాదు. తెలుసుకుంటున్నాను. వాడికి ఇస్పేటు పడి ఉంటే అది అదృష్టం. పడకపోతే..."

పడకపోతే ఉత్త చేతులతో తనను బోల్తా కొట్టించాడన్న మాట. అంత పనివాణ్ణి పట్టుకుని అంత మాట అన్నాడన్న మాట. ఇప్పుడు పంచే ముక్కలు ఆనాటి ముక్కల సంగతి చెప్పవని ఆయనకూ తెలుసు. తెలిసీ, ఆ కుర్చీకి ముక్కలు వేయకుండా ఉండలేకపోయేవాడు.

ఆ సాయంత్రం వాన దంచుతోంది. కరెంటు పోయింది. ఆవిడ తలుపు తట్టింది. ఆయన తెరవలేదు. కిటికీలోంచి చూస్తే కొవ్వొత్తి ముందు ఆయన వంగి కూర్చుని ఉన్నాడు. నానిన గోడల వాసన. పేక కలిపిన చప్పుడు.

పంచాడు. తిప్పాడు. ఇస్పేటు లేదు. కలిపాడు. లేదు. మళ్ళీ... లేదు. మూడు పంపకాల్లో ఒకసారైనా రావాల్సింది ఎంతకీ రాలేదు. పేకంతా తిరగేసి వెతికాడు. మిగిలిన ఇస్పేట్లన్నీ అందులోనే ఉన్నాయి. మళ్ళీ కలిపి పంచాడు. లేదు.

"ఇలా జరగదే," అని గొణిగాడు.

అప్పుడు వచ్చింది వాసన. చల్లగా... దగ్గు బిళ్ళ వాసన. పళ్ళకు బిళ్ళ తగిలిన టిక్కుమన్న చప్పుడు. ఆయనే చప్పరిస్తున్నాడేమో అనుకుంది ఆవిడ. ఆయన నోరు మూసుకునే ఉంది.

ఆయన ఇంకో రెండు ముక్కలు వేశాడు. అవి వేసినచోట ఆగలేదు. మెల్లగా... అవతలి అంచు దాకా జరిగాయి.

"వచ్చావా రా."

ఆయన కొవ్వొత్తిని ఎదురు కుర్చీ వైపు జరిపాడు.

"తప్పు నాదే. నీ ఆటే ఆట. ఒక్కసారి చూపించు."

"చూడాలంటే కట్టాలి బావా." గుసగుస.

"ఏం కట్టను రా. ఈ ఇంట్లో నేను తప్ప ఏముంది?"

"అదే కట్టు."

ఆయన ఖాళీ చేతులు రెండూ బల్ల మీద పెట్టి, టోకెన్లు తోసినట్టు ముందుకు తోశాడు.

"కట్టాను."

కొవ్వొత్తి ఆరిపోయింది. చీకట్లో ఒక ముక్క తిరిగిన చప్పుడు. ఇంకొకటి తిరిగింది. ఆ చీకట్లో ఆయనకెలా కనబడిందో... "ఒక్కటీ లేదు రా," అని ఆయన నవ్వాడు. ఆయన నవ్వడం ఆవిడ ఎన్నడూ వినలేదు. సగంలో ఆ నవ్వు రెండు గొంతులైంది.

ఆవిడ పరిగెత్తింది. ఇరుగుపొరుగు వచ్చి తలుపు పగలగొట్టి దీపం ఎత్తారు. లెక్కలాయన ఎదురు కుర్చీలో ఉన్నాడు. ఊపిరి లేదు. రాజులు లేవు, పరిచిన ఐదూ లేవు. పేక అంతా కొత్తగా కలిపి పంచి ఉంది. ఆయన ముందు రెండు ముక్కలు, ఆయన రోజూ కూర్చునే చోట రెండు. వంటగదిలో ఉండాల్సిన కుర్చీ కూడా బల్ల దగ్గరికి వచ్చి ఉంది... దాని ముందూ రెండు. అన్నీ బోర్లా.

సెక్రటరీ క్లబ్బు బోర్డు మీద "మంచం మీద, నిద్రలో, ప్రశాంతంగా" అని రాయించాడు. ముక్కలు ఆవిడే వేసి కథ అల్లిందని ఊరంతా చెబుతున్నాడు. ఆవిడ జన్మలో పేక ముట్టలేదు. తుడిచేటప్పుడు కూడా ముక్కల చుట్టూ గుడ్డ తిప్పేది. ఆ క్లబ్బుకు వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఆ రాత చెరిపి, కుర్చీలో పోయాడని సరిగా రాయండి. మూడో కుర్చీకి ముక్కలు ఎవరి కోసం వేశారో తెలిస్తే, అదీ రాయండి.